పంపు తోసిన ఇన్సులిన్ ఒంట్లోకి చేరిందా?

మధుమేహం ఉన్నవాళ్లు ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు తెర మీద ‘యాక్టివ్ ఇన్సులిన్’ అని ఒక అంకె కనిపిస్తుంది. పంపు వాడే ఇళ్లలో రోజుకు పదిసార్లయినా చూసే అంకె అది. 4.2 అని ఉంటే ఒంట్లో ఇంకా 4.2 యూనిట్లు పనిచేస్తున్నాయనే ఎవరైనా అనుకుంటారు. నిజానికి అది ఒంట్లో కొలిచిన లెక్క కాదు. మోటారు ఎంత తోసిందో, అందులో ఈపాటికి ఎంత ఖర్చయిపోయి ఉండాలో పంపు తనకు తాను వేసుకున్న అంచనా. చర్మం కింద ఉండాల్సిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అంటే కాన్యులా, మడతపడిపోయి ఇన్సులిన్ అంతా బయటికి కారుతూ ప్లాస్టరును తడుపుతున్నా సరే, తెర మీద ఆ 4.2 చెక్కుచెదరదు.

పంపునూ, షుగర్‌ను నిరంతరం కొలిచే సెన్సర్‌నూ కలిపి వాడేటప్పుడు వచ్చే ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. పంపుకు తెలిసింది తాను తోసిందే. సెన్సర్‌కు తెలిసింది చర్మం కింది ద్రవంలో తనకు కనిపించిందే. రక్తంలో ఏం జరుగుతోందో రెండింటికీ నేరుగా తెలియదు. రెండూ కలిసి పనిచేసే కొత్త తరం పరికరాల్లో ఒకదాని పొరపాటు రెండోదానికి ఆదేశంగా మారుతుంది. అందుకే వీటిని వాడేవాళ్లు రెండే రెండు ప్రశ్నలు ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి: తోసిన ఇన్సులిన్ నిజంగా లోపలికి వెళ్లిందా? తెర మీది అంకె నిజమేనా?

మొదటి ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సూదులకూ పంపుకూ ఉన్న తేడా చూడాలి. టైప్ 1 మధుమేహంలో ఒంటికి సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు. సూదులు వాడేవాళ్లు రోజుకోసారి గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ వేసుకుంటారు. అది చర్మం కింద నిల్వలా ఉండి రోజంతా కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. భోజనం సూది ఒకటి మరిచిపోయినా షుగర్ పెరుగుతుందే గానీ ఈ నిల్వ మనిషిని కాపాడుతుంది. పంపులో ఆ నిల్వ లేదు. లిస్ప్రో, అస్పార్ట్ లాంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్‌నే పంపు రాత్రీ పగలూ చుక్కచుక్కగా పంపుతూ ఉంటుంది. దాన్నే బేసల్ అంటారు. ఈ ఇన్సులిన్ ప్రభావం మూడు నుంచి ఐదు గంటలు. అంటే సరఫరా ఆగిన కొన్ని గంటలకే ఒంట్లో చెప్పుకోదగ్గ ఇన్సులిన్ మిగలదు. ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, కీటోన్లు పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. రాత్రి పదకొండింటికి మడతపడ్డ కాన్యులా సంగతి పొద్దున ఏడింటికి వాంతులతో బయటపడుతుంది. ఆ వాంతులను ‘రాత్రి తిన్నది పడలేదు’ అనుకుని వదిలేయడం కంటే పెద్ద పొరపాటు ఈ వైద్యంలో లేదు. పంపు ఉన్న మనిషికి వాంతి అయితే, పరీక్ష చేసి కాదని తేలేదాకా కీటోన్లే అనుకోవాలి.

అడ్డుపడితే పంపు అలారం మోగిస్తుంది కదా అనే ధైర్యం చాలామందిలో ఉంటుంది. ఆ అలారం పనిచేసేది గొట్టంలో పెరిగే ఒత్తిడిని బట్టి. చిన్నపిల్లలకు బేసల్ గంటకు 0.1, 0.2 యూనిట్లు మాత్రమే ఉంటుంది. అంత తక్కువ ఇన్సులిన్‌తో అలారం మోగేంత ఒత్తిడి పెరగాలంటే గంటలు పడుతుంది. ఇన్సులిన్ చర్మం పైకి కారిపోతుంటే అసలు ఒత్తిడే పెరగదు, అలారమూ రాదు. ఇక్కడ యంత్రం కంటే ముక్కు నయం. ఇన్సులిన్ చెడిపోకుండా అందులో ఫీనాల్ జాతి రసాయనాలు కలుపుతారు. ప్లాస్టరు దగ్గర ముక్కు పెట్టి చూస్తే ఆసుపత్రి గదిలో వచ్చేలాంటి ఘాటు మందు వాసన తగిలితే, ఆ ఇన్సులిన్ లోపలికి వెళ్లడం లేదన్నమాటే.

షుగర్ 250 దాటి, ఎందుకు పెరిగిందో తెలియక, పంపుతో ఇచ్చిన కరెక్షన్‌కు, అంటే షుగర్ దించడానికి ఇచ్చే అదనపు మోతాదుకు, గంట, గంటన్నరలో దిగడం మొదలుపెట్టకపోతే చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. ముందు కీటోన్లు చూడాలి. తర్వాత కరెక్షన్ ఇన్సులిన్‌ను ఇన్సులిన్ పెన్నుతోనో సిరంజితోనో వేయాలి. అనుమానం ఉన్న దారిలోనే మళ్లీ మళ్లీ బోలస్, అంటే ఒకేసారి ఇచ్చే మోతాదు, ఇస్తూ కూర్చోకూడదు. ఆ తర్వాత కాన్యులా, గొట్టం, పంపులో ఇన్సులిన్ ఉండే రిజర్వాయర్ మొత్తం మార్చాలి. పాత కాన్యులా బయటికి తీశాక దాన్నోసారి వెలుతురులో చూడటం మంచి అలవాటు. ‘ఎల్’ ఆకారంలో వంగి ఉందంటే రాత్రంతా ఏం జరిగిందో అదే చెబుతుంది. రక్తంలో కీటోన్లు 0.6 లోపు ఉంటే ఫర్వాలేదు. 1.5 దాటితే వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. 3 దాటితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మూత్రంలో ముంచే స్ట్రిప్పులు చవకే గానీ అవి కొన్ని గంటల కిందటి సంగతి చెబుతాయి. పైగా అసలు ముఖ్యమైన కీటోన్‌ను, అంటే బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్‌ను, అవి కొలవవు. రక్తపు స్ట్రిప్పులు అన్ని మెడికల్ షాపుల్లో దొరకవు కాబట్టి ముందే తెప్పించి ఇంట్లో పెట్టుకోవాలి.

కాన్యులా, గొట్టం కలిసిన సెట్‌ను రెండు, మూడు రోజులకోసారి మార్చమంటారు. ఖర్చు భరించలేక ఐదారు రోజులు లాగించే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను తప్పుబట్టడం తేలిక. కానీ పంపు లక్షల్లో, సెన్సర్లు నెలనెలా వేలల్లో ఉన్నప్పుడు ఆ పొదుపు ఎక్కడినుంచి వచ్చిందో అర్థం చేసుకోవాలి. అయినా నిజం చెప్పక తప్పదు. మూడో రోజు దాటాక ఆ చోట చర్మం వాచి, ఇన్సులిన్ పీల్చుకోవడం మందగిస్తుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకోక తప్పని ఇల్లయితే సెన్సర్‌ను మధ్యమధ్య ఆపి గ్లూకోమీటరుతో నడుపుకోవడం, సెట్‌ను లాగించడం కంటే మేలు. సెట్ మార్చే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. పడుకోబోయే ముందు మార్చితే కొత్త కాన్యులా సరిగ్గా దిగిందో లేదో చూసుకునే అవకాశం ఉండదు. పొద్దున టిఫిన్‌కు ముందు మార్చితే రెండు గంటల్లో సంగతి తేలిపోతుంది.

మార్చేటప్పుడు జరిగే పొరపాట్లలో ఒకటి ప్రాణాంతకం. కొత్త గొట్టాన్ని ఇన్సులిన్‌తో నింపే సమయంలో అది ఒంటికి తగిలించి ఉండకూడదు. పొడవును బట్టి గొట్టం లోపలే పది నుంచి ఇరవై యూనిట్లు పడతాయి. ఒంటికి తగిలి ఉండగా ‘నింపు’ నొక్కితే అదంతా మనిషిలోకి పోతుంది. దీనికి ఎదురు పొరపాటు గాలి బుడగలు. చర్మం కిందికి వెళ్లిన బుడగ హాని చేయదు, కానీ అది ఇన్సులిన్ ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది. గంటకు 0.2 యూనిట్ల బేసల్ ఉన్న పాపకు ఒక యూనిట్ పట్టేంత బుడగ అంటే ఐదు గంటల ఇన్సులిన్ పోయినట్టే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఇన్సులిన్‌ను వెంటనే నింపితే, అది వెచ్చబడ్డాక బుడగలు తేలతాయి. కాసేపు బయట పెట్టి నింపాలి.

మన దేశంలో ఇంకో ముప్పు ప్రత్యేకంగా ఉంది. పంపులో వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే యూ-100 ఇన్సులిన్. మన మెడికల్ షాపుల్లో మామూలుగా అమ్మే సీసాలు చాలావరకు యూ-40, వాటి సిరంజికి ఎర్ర మూత. యూ-100 సిరంజికి నారింజ మూత. పంపు చెడిపోయిన అర్ధరాత్రి, ఇంట్లో తాతగారికి తెచ్చిన ఎర్ర మూత సిరంజితో పంపు ఇన్సులిన్‌ను ‘4’ గీత దాకా లాగితే మనిషికి వెళ్లేది 4 యూనిట్లు కాదు, 10. తిరగేసి, పంపులో యూ-40 నింపితే ప్రతి యూనిట్‌కూ 0.4 యూనిట్ మాత్రమే వెళ్తుంది, షుగర్ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టదు. పంపు ఉన్న ఇంట్లో నారింజ మూత సిరంజిలు గానీ, పెన్ను గానీ తప్ప ఇంకోటి ఆ సంచిలో ఉండకూడదు.

ఇక రెండో ప్రశ్న. సెన్సర్ రక్తాన్ని కొలవదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్‌ను కొలుస్తుంది. రక్తంలో మార్పు అక్కడికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యంతో ఇబ్బంది లేదు. వేగంగా మారుతున్నప్పుడే మోసం. తెర మీద 112, కిందికి జంట బాణాలు, నిమిషానికి 3 చొప్పున పడిపోతోంది అనుకుందాం. పది నిమిషాల ఆలస్యం అంటే రక్తంలో అప్పటికే 80 ప్రాంతంలో ఉండొచ్చు. 112 బాగుందనుకుని స్కూటీ తీసే మనిషి, నాలుగో సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి 70 కింద ఉంటుంది. అంకె కంటే బాణాన్ని ముందు చదవాలి. అయితే బాణాలన్నీ ఒకే భాష మాట్లాడవు. లిబ్రే సెన్సర్‌లో నిలువు బాణం అంటే నిమిషానికి 2 పైన. డెక్స్‌కామ్‌లో ఒంటి నిలువు బాణం 2 నుంచి 3, జంట బాణాలు 3 పైన. మెడ్‌ట్రానిక్‌లో ఒక్క బాణం 1 నుంచి 2, మూడు బాణాలైతే 3 పైన. పరికరం మారినప్పుడు ఈ అర్థం కూడా మారిందని గుర్తుండాలి.

సెన్సర్ మీద ఒత్తిగిలి పడుకుంటే ఆ చోటికి ద్రవం సరిగ్గా అందక అంకె ఉన్నట్టుండి 50కి పడిపోతుంది. పక్కకు తిరగగానే మళ్లీ లేస్తుంది. అర్ధరాత్రి అలారానికి ఉలిక్కిపడి లేచి నిద్రలో ఉన్న పిల్లాడి నోట్లో గ్లూకోజ్ పోసే ముందు, ఒక్క నిమిషం ఆగి వేలి చివర గుచ్చి చూడటం మేలు. పెట్టిన మొదటి రోజు కూడా చాలా సెన్సర్లు కాస్త తడబడతాయి. ఒంట్లో చెమటలు, వణుకు, దడ ఉండి తెర మీద 130 ఉంటే ఒంటినే నమ్మాలి. తెర మీద 300 ఉండి మనిషి మామూలుగా ఉన్నా గుచ్చి చూడాలి. ఆ గుచ్చడానికీ ఒక షరతు ఉంది, చేయి సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు ఒలిచిన వేలి మీద మిగిలిన రసం మీటరులో షుగర్‌ను వందల్లో పెంచి చూపగలదు. శానిటైజర్ రాసుకుంటే చాలదు, ఆ తీపి పోవాలంటే నీళ్లే కావాలి.

మందుల సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కొన్ని సెన్సర్లలో, ముఖ్యంగా మెడ్‌ట్రానిక్ గార్డియన్ రకంలో, అంకెను నిజానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. విటమిన్ సి పెద్ద మోతాదులో, రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే, కొన్ని లిబ్రే సెన్సర్ల అంకెను పెంచవచ్చు. హైడ్రాక్సీయూరియా డెక్స్‌కామ్, గార్డియన్ సెన్సర్లను తప్పుదారి పట్టిస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్న సికిల్ సెల్ వ్యాధికి వాడే మందు అది. మూడింటి ఫలితమూ ఒకే దిక్కుకు, లేని షుగర్ ఉన్నట్టు కనిపించడం. అంకెను చూసి మనిషి మోతాదు నిర్ణయించే రోజుల్లో ఇది చిన్న విషయం. అంకెను చూసి పంపు తానే మోతాదు నిర్ణయిస్తున్నప్పుడు చిన్నది కాదు.

2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెడ్‌ట్రానిక్ 670జి పంపుకు అనుమతి ఇచ్చింది. సెన్సర్ అంకెను బట్టి బేసల్‌ను తనంతట తాను పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే పంపుల్లో అది మొదటిది. తర్వాత వచ్చిన 780జి కరెక్షన్ బోలస్‌లు కూడా తానే ఇస్తుంది. ఇది మన దేశంలోనూ దొరుకుతోంది. వీటివల్ల మేలు నిజమైనదే, ముఖ్యంగా రాత్రివేళ. కానీ తప్పుడు అంకె వెనక ఏం రావచ్చో 2019 మేలో ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరికలో కనిపిస్తుంది. అనుమతి లేని పరికరాలతో సొంతంగా కూర్చుకున్న వ్యవస్థలో సెన్సర్ అంకెలు తప్పుగా ఎక్కువ వచ్చాయి. పంపు వాటిని నమ్మి ఇన్సులిన్ మీద ఇన్సులిన్ ఇచ్చింది, ఆ రోగికి వైద్యం అవసరమైంది.

మనుషులు పంపుకు చెప్పే అబద్ధాలు కూడా ఇలాంటివే. షుగర్ తొందరగా దిగాలని తినని అన్నాన్ని తిన్నట్టు నమోదు చేయడం చాలామంది అలవాటు. పంపు తన లెక్క ప్రకారం జాగ్రత్తగా ఇవ్వబోయిన ఇన్సులిన్‌కు అది తోడై, రెండు గంటల తర్వాత ఒక్కసారిగా పడేస్తుంది. పెన్నుతో వేసుకున్న ఇన్సులిన్ పంపుకు తెలియదు. అది తెలియని పంపు మరికొంత ఇస్తుంది. అందుకే పెన్నుతో కరెక్షన్ వేసిన తర్వాత డాక్టరు చెప్పినన్ని గంటలు ఆటోమేటిక్ పద్ధతిని ఆపి ఉంచాలి. స్నానానికి పంపు విప్పి, ఆపకుండా పక్కన పెడితే ఆ అరగంట తోసిందంతా లోపలికి వెళ్లిందనే పంపు అనుకుంటుంది. 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సమయం ఉంటే చాలని, 70 కింద 4 శాతానికి మించకూడదని 2019లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న లెక్క ఉంది. గ్రాఫ్ గీత గీసినట్టు ఉండాలని గంటకోసారి వెంటపడి బోలస్‌లు ఇచ్చేవాళ్లు ఈ లెక్కలోని రెండో భాగాన్ని మరిచిపోతున్నారు.

పడిపోతున్న షుగర్‌ను చూసి పంపు బేసల్ ఆపగలదు. ఇచ్చేసిన బోలస్‌ను మాత్రం వెనక్కి లాగలేదు. పెళ్లి భోజనంలో ఇది తెలిసొస్తుంది. తినడానికి పది, పదిహేను నిమిషాల ముందు బోలస్ ఇవ్వమన్నది మామూలు సలహా. వడ్డన మొదలయిందని విని 80 గ్రాముల పిండిపదార్థానికి బోలస్ ఇచ్చుకుని వెళ్తే మొదటి బంతి నిండిపోయి ఉంటుంది. రెండో బంతికి ముప్పావు గంట. కుర్చీల వెనక నిలబడి ఎదురుచూసే ఆ ముప్పావు గంటలోనే కళ్లు తిరుగుతాయి. ఇలాంటి చోట విస్తరి ముందు కూర్చుని, మొదటి పదార్థం పడ్డాకే బోలస్ ఇవ్వడం మంచిది. షుగర్ కాసేపు 220కి వెళ్లినా నష్టం లేదు. పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష అన్నది పాత సూత్రం. ఆటోమేటిక్ పంపు అప్పటికే ఇన్సులిన్ ఆపేసి ఉంటుంది కాబట్టి, స్వల్పంగా పడినప్పుడు 5 నుంచి 10 గ్రాములు చాలవచ్చు. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, పంపు గొట్టం విప్పి 108కి ఫోన్ చేయాలి, ఇంట్లో షుగర్ పెంచే గ్లూకగాన్ మందు ఉంటే వేయాలి.

అలారాలన్నీ ఇప్పుడు ఫోన్‌లోకి చేరాయి. దాంతో ఫోన్ జబ్బులు కూడా ఈ వైద్యంలోకి వచ్చాయి. 2019 నవంబర్ చివర్లో డెక్స్‌కామ్ సర్వర్లు మొరాయించి, పిల్లల షుగర్‌ను దూరం నుంచి చూసే తల్లిదండ్రులకు హెచ్చరికలు ఆగిపోయాయి. మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకుని నిద్రపోయినవాళ్లు ఉన్నారు. 2024లో పంపులు తయారుచేసే టాండెం కంపెనీ ఐఫోన్ యాప్‌లో ఒక లోపం పంపు బ్యాటరీని తాగేసి పంపు ముందుగానే ఆగిపోయేలా చేసింది. 224 మందికి హాని జరిగినట్టు ఫిర్యాదులు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ మరో సంగతి చెప్పింది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినా, కొత్త కారు బ్లూటూత్‌కో ఇయర్‌ఫోన్లకో ఫోన్‌ను కలిపినా అలారం శబ్దం మూగబోవచ్చు. నెలకోసారి అలారాల సెట్టింగులు తెరిచి చూసుకోవాలి. లండన్‌లో ఉన్న మనవడి షుగర్‌ను గుంటూరులో ఫోన్లో చూసుకునే అమ్మమ్మకు ఇంకో ముక్క చెప్పి ఉంచాలి. అక్కడి లెక్కలో 4.1 అంటే మన లెక్కలో 74. 18తో గుణించుకోవాలి.

వైశాఖ, జ్యేష్ఠాల ఎండలో 37 డిగ్రీలు దాటిన ఇన్సులిన్ నమ్మదగింది కాదు. నడుముకు కట్టిన పంపు ఒంటి వేడికి తోడు ఎండలో నిలబడితే రిజర్వాయర్‌లోది చెడిపోతుంది. వేసవిలో షుగర్ కారణం లేకుండా పైనే ఉంటే సెట్‌తోపాటు ఇన్సులిన్‌నూ మార్చాలి. చెమటకు ప్లాస్టరు ఊడటం చిన్న ఇబ్బందిలా కనిపిస్తుంది గానీ, కాన్యులా అర సెంటీమీటరు బయటికి వస్తే చాలు, ఇన్సులిన్ లోపలికి వెళ్లదు.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకుంటూ పంపు వాడేవాళ్లు విడిగా తెలుసుకోవాల్సింది ఉంది. ఈ మందులు షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తాయి, కాబట్టి కీటోన్లు ప్రమాద స్థాయికి చేరినా సెన్సర్ 180 చూపిస్తూ ఉండొచ్చు. 2015లోనే ఎఫ్‌డీఏ ఈ విషయం హెచ్చరించింది. ఒంట్లో బాగోకపోతే అంకె బాగున్నా కీటోన్లు చూడాలి.

ఎమ్మారై గదిలోకి పంపును తీసుకెళ్లకూడదు, చాలా రకాల సెన్సర్లను కూడా తీసేయాలి. వేరే ఏ కారణంతోనైనా ఆసుపత్రిలో చేరితే, పంపు అంటే తెలియని డ్యూటీ నర్సు దాన్ని విప్పి బీరువాలో పెట్టి, షుగర్ పెరిగినప్పుడు మాత్రమే సూది వేసే పద్ధతికి మారిస్తే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. పంపు తీస్తే గంటలోపు మళ్లీ పెట్టాలి, లేదా దీర్ఘకాలిక ఇన్సులిన్ సూది వేయాలి. ఈ మాట చెప్పడానికి రోగికి స్పృహ ఉండకపోవచ్చు. అందుకే సంచిలో పెన్ను, సూదులు, మరో సెట్, కీటోన్ స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడితో పాటు ఒక కాగితం ఉండాలి. దాని మీద గంటవారీ బేసల్, ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్, ఒక యూనిట్‌కు ఎంత షుగర్ దిగుతుంది, పంపు లేకపోతే ఎన్ని యూనిట్ల దీర్ఘకాలిక ఇన్సులిన్ వేయాలి అన్నవి డాక్టరు చేత రాయించాలి. పక్కన తేదీ కూడా వేయించాలి. ఎదుగుతున్న పిల్లకు ఉగాది నాటి బేసల్ దసరాకు సరిపోదు.